తొలి చిగురు డార్జిలింగ్ టీ: కొనుగోలు నుంచి చివరి గుక్క దాకా

ఉగాది పచ్చడికి వేపపూత ఏరుకునే రోజుల్లోనే, పశ్చిమ బెంగాల్ ఉత్తరాన ఉన్న డార్జిలింగ్ కొండల మీద టీ మొక్కలు చలికాలపు నిద్ర వదిలి తొలి చిగురు వేస్తాయి. ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ మధ్య వరకు తెంపిన ఆ చిగురుతో చేసే టీని వ్యాపారంలో ఫస్ట్ ఫ్లష్ అంటారు. ఖరీదైన టీలు ప్రపంచంలో ఎన్నో ఉన్నా, మేలురకం టీ రుచిని మొదటిసారి తెలుసుకోవాలనుకునే తెలుగువారికి నేను సూచించేది దీన్నే. ఇది మన దేశంలోనే పండుతుంది, కొరియర్‌లో కొద్ది రోజుల్లోనే ఇంటికి చేరుతుంది, పైగా దీని రుచికి ప్రాణమైన వగరు మన నాలుకకు కొత్త కాదు. షడ్రుచుల్లో ఒకటిగా వగరును పేరు పెట్టి పిలిచే భాష మనది. మామిడి పిందె, నేరేడు పండు, దోరజామ తిని పెరిగినవారికి ఆ రుచిని ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు. నేర్చుకోవలసిందల్లా టీ కప్పులో వగరు ఎక్కడ ఆగి చేదు ఎక్కడ మొదలవుతుందో పట్టుకోవడమే. కొనుగోలు, నిల్వ, నీళ్లు, కాలం అన్నీ ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి.

నా మొదటి ప్రయత్నం ఎంత మాత్రం గర్వించదగినది కాదు. కోల్‌కతా నుంచి వచ్చిన మిత్రుడొకరు ప్రేమగా ఇచ్చిన ప్యాకెట్టును విప్పి, అలవాటు ప్రకారం అల్లం దంచి వేసి, పాలు పోసి, మూడు పొంగులు వచ్చేదాకా మరిగించాను. వచ్చినది గడ్డి వాసన వేసే వేడి పాలు. తప్పు టీదేనని నిశ్చయించుకుని, మిగిలినదాన్ని అల్మారాలో ఇంగువ డబ్బా పక్కన పడేశాను. ఆరు నెలల తర్వాత, ఈసారి సరైన పద్ధతి తెలుసుకుని, మళ్లీ కాచినప్పుడు అందులోంచి సాంబారు పరిమళం వచ్చింది. ఒకే ప్యాకెట్టుతో రెండు తప్పులు చేసిన అనుభవం నాకు ఈ విధంగా దక్కింది.

మన టీకీ దీనికీ తేడా ఎక్కడుంది

రోజూ ఇంట్లో వాడే టీ పొడి దాదాపు ఎప్పుడూ సీటీసీ (క్రష్, టియర్, కర్ల్) రకమే. విలియం మెకర్చర్ 1930లలో అస్సాంలో రూపొందించిన యంత్రం పళ్లున్న రోలర్ల మధ్య ఆకును నలిపి, చింపి, గుళికలుగా చుడుతుంది. ఆకులోని కణాలన్నీ చితికిపోవడం వల్ల రంగు, ఘాటు, వగరు నిమిషాల్లో నీళ్లలోకి దిగిపోతాయి. పాలలోని కేసిన్ అనే ప్రోటీన్, టీకి వగరునిచ్చే పాలీఫినాల్స్ అనే పదార్థాలను పట్టుకుని ఆ వగరును మెత్తబరుస్తుంది. దమ్ మీద ఉంచిన డికాక్షన్‌ను, విడిగా చిక్కగా మరిగించిన పాలలో కలిపే ఇరానీ చాయ్ నిలబడేది ఆ గట్టిదనం మీదనే. కాబట్టి పాల టీని చిన్నచూపు చూడవలసిన పని లేదు; ఆ ఆకుకు ఆ పద్ధతే తగినది, ఉదయం నేను తాగేదీ అదే.

డార్జిలింగ్ ఆకు తయారీ పూర్తిగా వేరు. రెండాకులూ ఒక మొగ్గ చొప్పున చేత్తో తెంపిన చిగురును రాత్రంతా గాలి తొట్లలో వాడబెట్టి, రోలింగ్ యంత్రంలో చితకకుండా మెలితిప్పి, కొద్దిసేపు గాలికి ఆరనిచ్చి, వేడి గాలితో ఎండిస్తారు. సుమారు నాలుగు నాలుగున్నర కిలోల పచ్చి ఆకు ఎండి కిలో టీ అవుతుంది. తొలి చిగురు విషయంలో వాడబెట్టడం మరీ ఎక్కువ. ఆకులోని తేమ సగానికి మించి పోతుంది కాబట్టి గాలితో జరిగే మార్పు పూర్తి కాదు. అందుకే పేరుకు బ్లాక్ టీ అయినా డబ్బా తెరిస్తే ఆకులు నల్లగా ఉండవు, ఆకుపచ్చ, గోధుమ, వెండి రంగులు కలగలిసి కనిపిస్తాయి. మొదటిసారి చూసినవారు గ్రీన్ టీ పంపి మోసం చేశారని అనుకోవడం మామూలే.

మొదటి మెట్టు: డబ్బా మీది రాత చదవడం

డార్జిలింగ్ అనే పేరు ఎవరు పడితే వారు పెట్టుకోదగినది కాదు. మన దేశంలో భౌగోళిక గుర్తింపు పొందిన తొలి సరుకు ఇదే. అది 2004లో వచ్చింది. ఆ గుర్తింపు కిందికి వచ్చే తోటలు 87. చేతిలో చిగురు పట్టుకున్న స్త్రీ ముఖం గల గుండ్రని ముద్రను టీ బోర్డు అనుమతితోనే డబ్బా మీద వేయాలి. ముందుగా చూడవలసింది ఆ ముద్రనే. నేపాల్ తూర్పు కొండల్లో పండే టీ రూపంలో, రుచిలో దీనికి చాలా దగ్గరగా ఉంటుంది. ధర తక్కువ కావడంతో దాన్ని డార్జిలింగ్ పేరుతో అమ్మడం ఈ వ్యాపారంలో ఏళ్లుగా ఉన్న తగాదా. నేపాల్ టీ చెడ్డదని దీని అర్థం కాదు, దాని పేరుతో దాన్ని కొంటే చక్కని టీయే. దొంగపేరుకు ధర కట్టడం మాత్రం దండగ.

ముద్ర తర్వాత చూడవలసినవి నాలుగు: తోట పేరు, కోత కాలం, కోసిన సంవత్సరం, లాట్ సంఖ్య (ఒక విడతలో తయారైన టీకి ఇచ్చే సంఖ్య). కాసల్టన్, మార్గరెట్స్ హోప్, జంగ్‌పానా, గూమ్టీ, తుర్బో, ఓకేటీ, మకైబారి వంటి పేర్లు ఇక్కడ బనగానపల్లె మామిడి, ఆత్రేయపురం పూతరేకులు అన్నంత బరువైనవి. లాట్ సంఖ్య డీజే-1, డీజే-2 అంటూ ప్రతి తోటలో ప్రతి ఏడూ ఒకటి నుంచి మొదలవుతుంది. సంఖ్య చిన్నదైతే ఆ ఏటి కోతలో తొందరగా వచ్చిన టీ అని అర్థం. అన్నిటికంటే ముందు వచ్చినదే అన్నిటికంటే గొప్పదని మాత్రం కాదు. మొదటి లాట్లకు ఉత్సాహం కొద్దీ ధర పెరుగుతుంది, మార్చి చివర కోసిన ఆకు చాలాసార్లు ఇంకా నిండుగా ఉంటుంది. ఈ వివరాలేవీ లేకుండా బంగారు రంగు డబ్బా, లోపల మఖమల్ గుడ్డ మాత్రమే ఉన్న సరుకును నేను కొనను. డబ్బా ఖరీదు నాలుక మీదికి రాదు.

ఎస్‌ఎఫ్‌టీజీఎఫ్‌ఓపీ1 వంటి పొడవైన అక్షరాల వరుస గురించి కూడా చెప్పాలి. సూపర్ ఫైన్ టిప్పీ గోల్డెన్ ఫ్లవరీ ఆరెంజ్ పెకో అనే ఆ బిరుదు ఆకు పరిమాణాన్నీ, మొగ్గల శాతాన్నీ, రూపాన్నీ చెబుతుంది తప్ప రుచిని కాదు. అందులో ఆరెంజ్ ఉన్నంత మాత్రాన నారింజ వాసన ఉండదు. ఎఫ్‌టీజీఎఫ్‌ఓపీ అంటే 'సామాన్యులకు మరీ ఎక్కువైన సరుకు' అని టీ వ్యాపారులు ఇంగ్లీషులో ఆ అక్షరాలకే ఇంకో అర్థం అల్లి నవ్వుకుంటారు. మనం గమనించవలసింది ఆకు ముక్కలు కాకుండా పొడవుగా ఉందా, కింద దుమ్ము చేరిందా అన్నంతవరకే. లేబుల్ మీద చైనా అని ఉంటే అది ఆ మొక్క జాతిని సూచిస్తుంది. ఆర్చిబాల్డ్ క్యాంప్‌బెల్ అనే అధికారి 1841లో డార్జిలింగ్‌లోని తన పెరట్లో నాటిన విత్తనాలు చైనా జాతివే, ఈనాటికీ అక్కడి పాత తోటల్లో ఆ పొట్టి పొదలే ఎక్కువ. క్లోనల్ అనీ ఏవీ2 అనీ రాసి ఉంటే అంటు కట్టినట్టుగా ఒకే తల్లి మొక్క కొమ్మల నుంచి పెంచినవి. వీటిలో పూల పరిమళం బాగా పైకి వస్తుంది. కొత్తవారు ఏవీ2తో మొదలుపెట్టడం సులువు.

రెండవ మెట్టు: ఎంత కొనాలి, ఎంత పెట్టాలి

మొదటిసారి 50 గ్రాములకు మించి కొనవద్దు. కప్పుకు 2.5 గ్రాముల లెక్కన అది 20 కప్పులు. 100 గ్రాములు 1,000 రూపాయలున్న టీ అనుకుంటే కప్పు ఖర్చు 25 రూపాయలు, అదే ఆకును రెండోసారి కూడా నానబెడతాం కాబట్టి నిజానికి అందులో సగం. విలాసం అనే మాటకు ఇంత తక్కువ ధర పలికే వస్తువు మరొకటి నాకు తెలియదు. దిగుబడి మాత్రం ఏటేటా తగ్గుతోంది: గూర్ఖాలాండ్ ఉద్యమంలో 2017లో 104 రోజుల బంద్ తోటలను మూయించింది, ముసలి పొదలు, మారిన వానలు, కూలీల కొరత తోడై, ఒకప్పుడు ఏటా కోటి కిలోలకు పైగా పండిన చోట ఇప్పుడు 60 లక్షల కిలోల దరిదాపుల్లో పండుతోంది. అందుకే మంచి తోట సరుకు ఏప్రిల్, మే నెలల్లోనే అయిపోవడం వింత కాదు. వీలైతే రెండు తోటల నుంచి 25 గ్రాముల చొప్పున తెప్పించుకోండి, పోలిక లేకుండా రుచి అర్థం కాదు.

మూడవ మెట్టు: ఇంగువకు దూరంగా

ఎండిన టీ ఆకు చుట్టూ ఉన్న వాసనను స్పంజిలా పీల్చుకుంటుంది. మల్లె పూల మధ్య ఉంచి మల్లె టీ తయారు చేసేది ఆ గుణాన్ని వాడుకునే. అదే గుణం మన వంటింట్లో శత్రువు అవుతుంది: పోపుల పెట్టె, ఇంగువ, మసాలా పొడులు, ఎండుచేపలు, అగరొత్తులు, కర్పూరం వీటిలో ఏ ఒక్కటి పక్కన ఉన్నా టీ పని అయిపోయినట్టే. గాలి చొరబడని స్టీలు డబ్బాలో, వంటింటికి బయట, వెలుతురు సోకని చల్లని బీరువాలో ఉంచాలి. పాత పచ్చడి సీసాలను ఎంత కడిగినా వాడవద్దు. ఫ్రిజ్ కూడా వద్దు. బయటికి తీసిన ప్రతిసారీ డబ్బాలో చెమ్మ పడుతుంది. మన కోస్తా ఉక్కపోతకు డబ్బా తెరిచి ఉంచి ఫోన్ మాట్లాడే అలవాటు కూడా చేటే. తొలి చిగురు పరిమళం ఆరు నెలల వరకు బాగుంటుంది, సంవత్సరం దాటితే వెలిసిపోతుంది. ఆవకాయలా దాచుకుని మురిసేది కాదిది.

నాలుగవ మెట్టు: నీళ్లు

కప్పులో నూటికి తొంభై తొమ్మిది పాళ్లు నీళ్లే అయినా, వేల రూపాయలు పెట్టి టీ కొన్నవారు కూడా నీళ్ల గురించి ఆలోచించరు. బోరు నీళ్లలోని కాల్షియం టీలోని పాలీఫినాల్స్‌తో కలిసి పైన నూనెలా మెరిసే తెట్టును కడుతుంది, రంగును మట్టిగా మారుస్తుంది, పరిమళాన్ని నొక్కేస్తుంది. హైదరాబాద్‌లో ఒకే అపార్ట్‌మెంటులో కృష్ణా నీళ్లు వచ్చిన రోజున ఒక రుచి, బోరు నీళ్ల రోజున మరో రుచి రావడం నేను స్వయంగా చూశాను. అలాగని అన్ని లవణాలూ తీసేసిన ఆర్వో నీళ్లు కూడా గొప్పవి కావు. ఆ నీళ్లలో టీ పలచగా, ప్రాణం లేనట్టు ఉంటుంది. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే చిన్న టీడీఎస్ మీటరు చవకగానే దొరుకుతుంది. నా అనుభవంలో 50 నుంచి 150 మధ్య ఉన్న నీళ్లు బాగా పనిచేస్తాయి. ఆర్వో నీళ్లు 30, బోరు నీళ్లు 600 చూపిస్తే, తొమ్మిది గ్లాసుల ఆర్వో నీళ్లకు ఒక గ్లాసు బోరు నీళ్లు కలిపితే 87 దగ్గరికి వస్తుంది. అంత ఓపిక లేనివారు నాలుగైదు రకాల సీసా నీళ్ల లేబుళ్లు చదివి, లవణాలు మధ్యస్తంగా ఉన్నదాన్ని ఎంచుకోవచ్చు.

అప్పుడే పట్టిన నీళ్లను ఒక్కసారే కాచాలి. పొద్దున మరిగి చల్లారిన నీళ్లను సాయంత్రం మళ్లీ కాస్తే రుచి నిస్సారంగా ఉంటుంది.

వేడి సంగతి ఇంకా ముఖ్యం. సుమారు 2,000 మీటర్ల ఎత్తున్న డార్జిలింగ్ పట్టణంలో నీళ్లు 93 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఎంత మంట పెట్టినా మూత లేని గిన్నెలో అంతకంటే వేడెక్కవు. విశాఖలో 100, హైదరాబాద్‌లో సుమారు 98. అంటే తోట ఉన్న కొండ మీద తెర్లే నీళ్లు, మన దగ్గర తెర్లే నీళ్లు ఒకటి కావు. తొలి చిగురుకు నేను 85 నుంచి 90 డిగ్రీల మధ్య నీళ్లు వాడతాను. థర్మామీటరు లేకపోతే పాలు చల్లార్చే పద్ధతి చాలు: తెర్లిన నీళ్లను మామూలు వేడిలో ఉన్న మరో స్టీలు గిన్నెలోకి ఒకసారి తిరగబోసి, అర నిమిషం ఆగితే దాదాపు ఆ వేడికి దిగుతాయి.

ఐదవ మెట్టు: గిన్నె, తూకం

పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. మూత పెట్టడానికి వీలున్న పింగాణీ పాత్ర లేదా గాజు పాత్ర ఒకటి, సన్నని కళ్ల స్టీలు జల్లెడ ఒకటి, లోపల తెల్లగా ఉన్న కప్పు ఒకటి ఉంటే చాలు. తెలుపు ఎందుకంటే రంగు చూడడం కూడా రుచిలో భాగమే. స్టీలు గ్లాసు పెదవిని కాలుస్తుంది, అల్యూమినియం గిన్నె వద్దే వద్దు. ఏళ్లుగా పాల టీ వడగట్టిన ప్లాస్టిక్ జల్లెడను దీనికి వాడితే నిన్నటి అల్లం ఈ రోజు కప్పులోకి వస్తుంది. గొలుసుకు వేలాడే చిన్న ఇనుప గోళాలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి కానీ, నానినప్పుడు కొన్ని రెట్లు ఉబ్బే ఈ ఆకుకు అందులో చోటు చాలదు.

తూకానికి ఇంటి కాటా, గ్రాములో పదో వంతు చూపించేది, నూరు శాతం సిఫారసు చేస్తాను. సీటీసీ పొడి ఒక చెంచాకు సుమారు మూడు గ్రాములు తూగితే, ఈ పొడవైన ఆకు తలకొట్టిన చెంచాకు గ్రామున్నర కూడా తూగదు. చెంచా లెక్కతో కాచిన టీ పలచగా ఉందని ఫిర్యాదు చేసేవారి అసలు సమస్య ఇదే. 180 మిల్లీలీటర్ల నీళ్లకు 2.5 గ్రాములు, అంటే ఆకు పేర్చిన రెండు చెంచాలు.

ఆరవ మెట్టు: నానబెట్టడం

మన భాషలో టీ కాస్తాం, పెడతాం, మరిగిస్తాం. ఇక్కడ మాత్రం నానబెడతాం. పొయ్యి ఆరిన తర్వాతే ఆకుతో పని మొదలవుతుంది.

ముందుగా పాత్రలో కొంచెం వేడి నీళ్లు పోసి, తిప్పి, పారబోయండి. ఆ తడి వేడి మీద ఆకు వేసి మూత పెట్టి, పది సెకన్లు ఆగి, మూత కొద్దిగా ఎత్తి వాసన చూడండి. పొడి ఆకు దాచుకున్న పరిమళం మొదటిసారి బయటపడేది అప్పుడే, చాలాసార్లు మొత్తం కార్యక్రమంలో నాకు అన్నిటికంటే నచ్చేది కూడా ఆ పది సెకన్లే. తర్వాత నీళ్లను పాత్ర అంచు వెంట నెమ్మదిగా పోసి, మూత పెట్టి, గడియారం మొదలుపెట్టండి.

గాజు పాత్రలో అయితే లోపలి సంగతి కనిపిస్తుంది. మొదటి అర నిమిషం ఆకులు పైనే తెప్పలా తేలుతాయి. నీరు పీల్చుకున్నవి ఒక్కొక్కటిగా కిందికి దిగుతాయి, దిగుతూ మెలిక విప్పుకుంటాయి. ఒక్కో ఆకు కింద సన్నని పసుపు దారం లాంటి గీత నీళ్లలోకి సాగి కరిగిపోతుంది. రెండో నిమిషానికి నీళ్లు లేత తేనె రంగుకు వస్తాయి. గరిటె పెట్టి కలపవద్దు, ఆకును నొక్కవద్దు, రంగు చాలలేదని తొందరపడవద్దు. తొలి చిగురు టీ ఎప్పటికీ ముదురు రంగుకు రాదు. రంగు కోసం ఎదురుచూసినవారికి దక్కేది చేదు.

రెండున్నర నుంచి మూడు నిమిషాల మధ్య మొత్తం కప్పులోకి వడగట్టేయాలి. ఒక్క చుక్క కూడా ఆకులో మిగలనివ్వవద్దు, ఎందుకంటే మిగిలిన నీళ్లు రెండో దఫా టీని పాడు చేస్తాయి. రెండోసారి నీళ్లు కొంచెం ఎక్కువ వేడిగా, కాలం నాలుగైదు నిమిషాలుగా ఉండాలి. పరిమళం తగ్గి తీపి పెరిగిన ఆ రెండో కప్పును ఇష్టపడేవారు నా స్నేహితుల్లో సగం మంది ఉన్నారు.

వడగట్టాక పాత్రలోని తడి ఆకును అరచేతిలో వేసుకుని విప్పి చూడండి. అంచులు రాగి రంగులో, మధ్య ఆకుపచ్చగా, రెండాకులూ మొగ్గా ఇంకా ఒకే కాడకు అంటుకుని ఉంటే, ఆ టీని శ్రద్ధగా కోసి శ్రద్ధగా చేశారన్నమాట. ముక్కలు, కాడలు, మందపాటి ముదురాకులు ఎక్కువగా ఉంటే మీరు పెట్టిన ధరకు న్యాయం జరగలేదని ఈ ఆకే సాక్ష్యం చెబుతుంది.

ఏడవ మెట్టు: రుచి చూడడం

వెంటనే తాగవద్దు. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలను అన్నవాహికకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటిగా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2016లో వర్గీకరించింది. అది అలా ఉంచినా, మరీ వేడిగా ఉన్న టీలో నాలుక వేడిని తప్ప మరేదీ పట్టుకోలేదు. మూడు నాలుగు నిమిషాలు ఆగండి. ఆ తర్వాత మొహమాటం మాని, చప్పుడయ్యేలా జుర్రండి. పాయసం జుర్రితే పెద్దలు కోప్పడేవారు, ఇక్కడ అదే పద్ధతి: గాలితో కలిసిన టీ తుంపరలుగా నోరంతా పరుచుకుంటుంది, ఆవిరి గొంతు వెనుక నుంచి ముక్కులోకి ఎక్కుతుంది. మనం రుచి అనుకునేదాంట్లో ఎక్కువ భాగం అలా ముక్కు పట్టిన వాసనే. తోటల్లో, వేలం కేంద్రాల్లో టీ రుచి చూసేవారు రోజూ చేసేది ఇదే.

వాసనకు మాటలు వెతుక్కోవడంలో కొత్తవారు జంకుతారు, ఎక్కడో చదివిన పీచ్, ఆప్రికాట్ పేర్లు అప్పుతెచ్చుకుంటారు. అక్కర్లేదు. డార్జిలింగ్ పరిమళంలో ముఖ్యమైన లినలూల్ అనే పదార్థమే మన ధనియాల వాసనకూ మూలం. జెరానియోల్ గులాబీలో ఉండేది. అందుకే ధనియాలను చేత్తో నలిపినప్పటి తీపి ఘాటు, మామిడి చిగురు తుంచినప్పటి పచ్చి వాసన, వాన పడ్డ పెరటి గులాబీ, పచ్చి బఠానీ కాయ ఒలిచిన వేళ్లు, ఇలా మీకు తోచిన పోలిక ఏదైనా సరైనదే. మీకు గుర్తొచ్చిన మాటను ఒక చిన్న పుస్తకంలో తేదీతో సహా రాసుకుంటే, పదో కప్పు నాటికి మీ ముక్కు ఎంత పదునెక్కిందో మీకే తెలుస్తుంది.

ఇక వగరు. ఇది తీపి, పులుపుల్లాంటిది మాత్రమే కాదు, ఒక స్పర్శ కూడా. టీలోని పాలీఫినాల్స్ లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకోవడంతో నోటిలోని జారుడుతనం కాసేపు పోయి, బుగ్గల లోపలి భాగం బిగుసుకున్నట్టు అనిపిస్తుంది. మంచి వగరు వచ్చి పోతుంది. పోతూ నోట్లో నీరూరిస్తుంది, ఆ వెనుకే ఉసిరికాయ తిని మంచినీళ్లు తాగినప్పటి లాంటి తీపి వస్తుంది. చేదు అలా కాదు, అది గొంతులో కూర్చుని కదలదు. గుక్క మింగాక కప్పు పక్కన పెట్టి అర నిమిషం ఊరికే ఉండండి. ఆ అర నిమిషంలో నోట్లో తీపి మిగిలితే అది వగరు, మళ్లీ నీళ్లు తాగాలనిపిస్తే అది చేదు.

ఎనిమిదవ మెట్టు: మూడు కప్పుల పరీక్ష

ఒక ఆదివారం ఉదయం, స్నానం అయ్యాక, టిఫిను కంటే ముందు అరటిపండు లాంటిది ఏదైనా తిని, దీనికి కూర్చోండి. పూర్తిగా పరగడుపున తాగితే కొందరికి కడుపులో తిప్పుతుంది. ఉల్లిపాయ పెసరట్టు తిన్నాక అయితే పరీక్ష వృథా. ఒకే ఆకు, ఒకే నీళ్లు, ఒకే వేడి, మూడు పాత్రలు. మొదటిదాన్ని రెండు నిమిషాలకు, రెండోదాన్ని మూడున్నరకు, మూడోదాన్ని ఆరుకు వడగట్టండి. ఆరు నిమిషాలు ఎందుకంటే, 1980లో వచ్చిన ఐఎస్ఓ 3103 అనే అంతర్జాతీయ ప్రమాణం రుచి పరీక్షకు చెప్పే కాలం అదే: 100 మిల్లీలీటర్లకు 2 గ్రాములు, తెర్లే నీళ్లు, ఆరు నిమిషాలు. ఆ ప్రమాణం ఆకులోని లోపాలను బయటికి లాగడానికి పెట్టింది, తాగి ఆనందించడానికి కాదు. ఇలాంటి బ్రిటిష్ ప్రమాణానికే 1999లో ఇగ్ నోబెల్ అనే సరదా బహుమానం కూడా వచ్చింది.

మూడు కప్పులనూ కొంచెం చల్లారాక వరుసగా, తర్వాత తిరగేసి, తర్వాత ఎవరినైనా మార్చి పెట్టమని చెప్పి, తాగి చూడండి. మొదటిదానిలో పరిమళం నిండుగా ఉంటుంది, నోట్లో మాత్రం పలచగా తగులుతుంది. మూడోదానిలో వగరు చేదును వెంటబెట్టుకుని వస్తుంది. రెండోదానిలో మీకు చేదు తగిలిందా లేదా అన్నదాన్ని బట్టి, మీ నాలుకకు సరిపడే కాలం మూడున్నరకు ఇటో అటో తేలుతుంది. నాకు రెండు నిమిషాల నలభై సెకన్లు. మా ఇంట్లోవాళ్లకు నాలుగు నిమిషాలు కూడా తక్కువే. ఇద్దరిలో ఎవరూ తప్పు కాదు.

ఏదైనా తేడా వస్తే ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. చేదుగా ఉంటే ముందు వేడి తగ్గించండి, కాలం తర్వాత. పలచగా ఉంటే ఆకు అర గ్రాము పెంచండి, కాలం పొడిగించవద్దు. వాసన లేకపోతే నీళ్లు మార్చి చూడండి, అప్పటికీ లేకపోతే ఆకు పాతదై ఉండాలి. పాలు వద్దు, చక్కెర లేకుండా బొత్తిగా సాగనివారు మొదటి వారం చిటికెడు పటికబెల్లం వేసుకుని నెమ్మదిగా తగ్గించుకోవచ్చు. నిమ్మరసం, యాలకులు, తేనె మూడూ ఈ ఆకు గొంతు నొక్కేవే. భోజనంతో పాటు తాగితే అన్నంలోని ఇనుమును శరీరం గ్రహించడం తగ్గుతుంది కాబట్టి, రక్తహీనత ఉన్నవారు తిండికీ టీకీ మధ్య గంట అయినా ఎడం ఉంచాలి.

తర్వాత ఏమిటి

ఈ టీతో చేయి తిరిగాక రెండో కోత వైపు వెళ్లండి. మే, జూన్ నెలల్లో వచ్చే ఈ సెకండ్ ఫ్లష్ రాగి రంగులో, మరింత నిండుగా ఉంటుంది. దీనికి 90 నుంచి 95 డిగ్రీలు, మూడు నాలుగు నిమిషాలు. ఆ రోజుల్లో పచ్చదోమలు, తామర పురుగులు లేత ఆకును కొరుకుతాయి. మొక్క ఆత్మరక్షణ కోసం తయారు చేసుకునే సుగంధ పదార్థాలే మస్కటెల్ అనే పేరున్న ద్రాక్ష పరిమళానికి కారణం; మన రైతు మిరప చేనులో చూస్తే మందు కొట్టే పురుగుకు అక్కడ విలువ పెరుగుతుంది. ఆ పరిమళం ఎలా ఉంటుందో ముందే తెలియాలంటే తమిళనాడు కంబం లోయ నుంచి వచ్చే పన్నీర్ ద్రాక్ష తినండి, అది మస్కట్ హాంబర్గ్ జాతిదే. అక్టోబరు, నవంబరు కోత మెత్తగా ఉంటుంది, ధర కూడా మెత్తనే. వానాకాలపు కోతను నేను కొనను.

అస్సాం బంగారు మొగ్గల టీల ధరలు వార్తల్లోకి ఎక్కుతుంటాయి. మనోహరి గోల్డ్ 2021లో గువాహటి వేలంలో కిలో 99,999 రూపాయలు పలికింది. హైదరాబాద్‌లోని నీలోఫర్ కేఫ్ అస్సాం గోల్డెన్ టిప్స్ టీని కప్పు 1,000 రూపాయలకు అమ్మింది. ఆసక్తి, డబ్బు రెండూ ఉంటే తాగి చూడవచ్చు. ఆ ధరలో కొరతకూ ప్రచారానికీ పోయే వాటా పెద్దదని నా అభిప్రాయం, పదో వంతు ధరకు దొరికే నీలగిరి చలికాలపు టీ రుచిలో నన్ను ఎక్కువగా సంతోషపెట్టింది.

ఏప్రిల్ దాటాక మన ఎండలకు వేడి కప్పు మీద మనసు పోదు. అప్పుడు ఐదు గ్రాముల ఆకును అర లీటరు చల్లని, శుభ్రమైన తాగునీటిలో వేసి, మూత బిగించి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. చల్లని నీళ్లలో చేదు దిగడం చాలా తక్కువ, తీపీ పరిమళమూ మాత్రం దిగుతాయి. పొద్దున వడగట్టి, ఐసు లేకుండా, ఆ రోజే తాగేయాలి. నానిన ఆకును కరివేపాకు కుండీలో వేయండి.